ఎత్తు కాదు.. ఎదిగే వేగం చూడండి

జూన్ వచ్చిందంటే ఇంట్లో యూనిఫాంల హడావుడి మొదలవుతుంది. ఎదిగే పిల్లలు కదా అని ప్యాంటు కింద రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టించటం మనకు అలవాటే. ఏడాది తిరిగేసరికి ఆ మడత విప్పక తప్పదు. మరి మీ పిల్లాడి ప్యాంటు మడత రెండేళ్లయినా విప్పాల్సిన పనే పడలేదా? నిరుడు కొన్న బూట్లే ఇప్పుడూ సరిగ్గా పడుతున్నాయా? డబ్బులు మిగిలాయని సంబరపడకండి. ఒకసారి టేపు చేతిలోకి తీసుకోండి.

పిల్లలు పొట్టిగా ఉన్నారన్న దిగులు పైకి రాగానే ఇంట్లో ఎవరో ఒకరు ధైర్యం చెబుతారు. "వాళ్ల మేనమామ కూడా చిన్నప్పుడు ఇంతే. ఇంటర్‌కొచ్చాక తాడిచెట్టులా సాగాడు" అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. అలా ఆలస్యంగా పెరిగే పిల్లలు నిజంగానే ఎంతోమంది ఉన్నారు. చిక్కల్లా ఎక్కడంటే- ఆలస్యంగా పెరిగే పిల్లాడూ, గ్రోత్ హార్మోన్ లేక పెరగలేకపోతున్న పిల్లాడూ పైకి చూడటానికి ఒకేలా ఉంటారు. మొదటివాడి విషయంలో ఎదురుచూస్తే పోయేదేం లేదు. రెండోవాడి విషయంలో ఎదురుచూసిన ప్రతి ఏడాదీ నష్టమే. ఎందుకంటే ఎముకల చివర్లలో పొడవు పెరగటానికి తోడ్పడే మెత్తటి పలకలుంటాయి. వీటినే గ్రోత్ ప్లేట్లు అంటారు. యుక్తవయసు ముగిసేసరికి ఇవి గట్టిపడి మూసుకుపోతాయి. అటు తర్వాత ఎన్ని ఇంజెక్షన్లు చేసినా ఒక్క సెంటీమీటరు ఎత్తు కూడా పెరగదు. పదహారేళ్ల అబ్బాయిని తీసుకొచ్చి "ఇప్పుడేమైనా చేయొచ్చా డాక్టర్?" అని అడిగితే చాలాసార్లు జవాబు ఉండనిది అందుకే.

ఏ వయసులో ఎంత?

నెలలు నిండి పుట్టిన బిడ్డ పొడవు దాదాపు 50 సెంటీమీటర్లు. తొలి ఏడాదిలో మరో 25 సెం.మీ. పెరుగుతారు. రెండో ఏడాదిలో 10-12 సెం.మీ., మూడో ఏడాదిలో 7-8 సెం.మీ. నాలుగేళ్లు నిండేసరికి సుమారు మీటరు ఎత్తుకు చేరుకుంటారు. అక్కడి నుంచి యుక్తవయసు మొదలయ్యే వరకూ ఏటా 5-6 సెం.మీ. చొప్పున నిదానంగా, నిలకడగా సాగుతుంది. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఈ దశనే. నాలుగేళ్లు దాటి, ఇంకా యుక్తవయసు రాని పిల్లలు ఏడాదికి 4 సెం.మీ. కూడా పెరగటం లేదంటే డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఇద్దరు పిల్లలను ఊహించుకోండి. ఒకడు ఆరో పుట్టినరోజుకు 106 సెం.మీ. ఉన్నాడు, ఏడో పుట్టినరోజుకు 112కి చేరాడు. రెండోవాడు అదే ఆరో ఏట 108 సెం.మీ. ఉన్నాడు, ఏడో ఏట నూట పదకొండున్నర దగ్గరే ఆగాడు. క్లాసులో ముందు వరసలో కూర్చునేది ఇద్దరూనూ. ఆరేళ్లప్పుడు పొట్టివాడు మొదటివాడే. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సింది మాత్రం రెండోవాడు. మొదటివాడు పొట్టిగా ఉన్నా తన దారిలో తాను పెరుగుతున్నాడు. రెండోవాడి పెరుగుదల కుంటుపడింది. ఒక్క రోజు ఎత్తు కొలిస్తే ఈ తేడా తెలియదు. కనీసం ఆరు నెలల ఎడంతో రెండు కొలతలు కావాలి.

గోడ మీద గీత చాలు

దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. పిల్లలను చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టండి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు తగలాలి. చూపు తిన్నగా ఎదుటికి ఉండాలి. అమ్మాయిలైతే కొప్పు, క్లిప్పులు తీసేయాలి. తల మీద గట్టి అట్ట పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించి, దాని అడుగున పెన్సిల్‌తో గీత గీసి, పక్కనే తేదీ వేయండి. నేల నుంచి గీత వరకూ స్టీలు టేపుతో కొలవండి. ఉదయం కన్నా సాయంత్రానికి మనిషి దాదాపు ఒక సెంటీమీటరు కుంగుతాడు కాబట్టి ప్రతిసారీ ఒకే వేళ కొలవటం మంచిది. పుట్టినరోజు పొద్దున కొలిస్తే మరచిపోయే ప్రమాదమూ ఉండదు. అద్దె ఇంట్లో గోడ మీద గీస్తే ఓనరు ఊరుకోరు కదా అంటారా? టీకాల కార్డు వెనక రాసిపెట్టుకోండి.

ఆ కొలతలను ఎదుగుదల పటంలో గుర్తించాలి. ఐదేళ్లలోపు వారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పటాలు, 5-18 ఏళ్ల వారికి భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో మన పిల్లల కొలతలతోనే రూపొందించిన పటాలు ఉన్నాయి. మీ పిల్లల డాక్టర్‌ను అడిగితే గుర్తించి చూపిస్తారు. పటంలో అన్నింటికన్నా అడుగున ఉండే 3వ శాతం గీత కన్నా దిగువన ఉన్నా, అంతకుముందు నడుస్తున్న గీత నుంచి కిందికి జారిపోతున్నా పరీక్షలు అవసరం.

తల్లిదండ్రుల ఎత్తునూ లెక్కలోకి తీసుకోవాలి. ఇద్దరి ఎత్తులూ కూడి, అబ్బాయికైతే 13 కలిపి, అమ్మాయికైతే 13 తీసేసి సగం చేయాలి. నాన్న 170, అమ్మ 153 సెం.మీ. అనుకుందాం. కొడుకు ఎత్తు 168, కూతురి ఎత్తు 155 సెం.మీ. దరిదాపుల్లో ఉండొచ్చు. దీనికి అటూ ఇటూ 8 సెం.మీ. వరకూ తేడా సహజం. అమ్మానాన్నలిద్దరూ పొట్టివాళ్లయి, పిల్లాడు ఏటా 5 సెం.మీ. పెరుగుతుంటే అది జబ్బు కాదు. వంశం పోలిక.

పొట్టిగా ఉన్నవారందరికీ హార్మోన్ లోపమేనా?

కానే కాదు. గ్రోత్ హార్మోన్ లోపం 4 వేల నుంచి 10 వేల మంది పిల్లల్లో ఒకరికి మాత్రమే ఉంటుంది. అందుకే మంచి డాక్టర్ ఎవరూ మొదటి రోజే ఇంజెక్షన్ రాయరు. ముందు మామూలు కారణాలను వెతుకుతారు. తగినంత తిండి లేకపోవటం, రక్తహీనత, తలసీమియా, మూత్రపిండాల జబ్బు, గోధుమ పడని సీలియాక్ జబ్బు, ఏళ్ల తరబడి వాడిన స్టిరాయిడ్ మాత్రలు.. ఇలా ఎన్నో ఎదుగుదలను అడ్డుకుంటాయి. (స్టిరాయిడ్లు వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయొద్దు. అది ఇంకా ప్రమాదం.) థైరాయిడ్ హార్మోన్ తగ్గినా ఎత్తు ఆగిపోతుంది. రోజుకో మాత్రతో సరిపోయే సమస్య అది. దాన్ని చూడకుండా గ్రోత్ హార్మోన్ దాకా వెళ్లటం తలుపు తీసి ఉండగా గోడ దూకటం లాంటిది.

ఒక సంగతి చాలామందికి తెలియదు. ఎక్కువ తిని లావెక్కిన పిల్లలు మామూలుగా తోటివారి కన్నా కాస్త పొడవే ఉంటారు. పిల్లలు బొద్దుగానూ ఉండి, ఎత్తూ పెరగటం లేదంటే హార్మోన్లను అనుమానించాలి. గ్రోత్ హార్మోన్ లోపమున్న పిల్లలు సన్నగా ఎండినట్టు ఉండరు. నడుం దగ్గర కొవ్వుతో, వయసు కన్నా చిన్నగా కనిపించే ముద్దు మొహంతో ఉంటారు. ఒళ్లు అందంగానే ఉంటుంది, తెలివికీ లోటుండదు. అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. ఆరో తరగతి పిల్లాడిని చూసి బస్సు కండక్టర్ "ఒకటో తరగతా బాబూ?" అని అడిగినప్పుడు అందరూ నవ్వేస్తారు, ఆ పిల్లాడు తప్ప.

అమ్మాయిల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. "ఆడపిల్ల కదా, కాస్త పొట్టిగా ఉంటే ఏమైంది?" అని వదిలేయటం మన దగ్గర మామూలే. కానీ దాదాపు 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి టర్నర్ సిండ్రోమ్ ఉంటుంది. వీరిలో ఒక ఎక్స్ క్రోమోజోమ్ పూర్తిగా గానీ కొంత గానీ ఉండదు. కొందరిలో పొట్టిగా ఉండటం తప్ప పైకి మరే లక్షణమూ కనిపించకపోవచ్చు. ఈడొచ్చినా రజస్వల కాకపోతే అప్పుడు పరుగెత్తుతారు. అప్పటికి ఎత్తు పెంచుకునే మంచి కాలం చాలా వరకూ గడిచిపోయి ఉంటుంది. వీరికి గుండె, మూత్రపిండాల పరీక్షలూ అవసరం. కాబట్టి కారణం తెలియకుండా పొట్టిగా ఉన్న ప్రతి అమ్మాయికీ క్రోమోజోమ్ పరీక్ష చేయించమని నిపుణులు చెబుతారు. దీన్ని చూసి భయపడొద్దు. రక్త పరీక్షే.

ఒక్క రక్తపరీక్షతో తేలదు

గ్రోత్ హార్మోన్‌ను మెదడు అడుగున శనగ గింజంత ఉండే పీయూష గ్రంథి తయారుచేస్తుంది. అదీ నిరంతరంగా కాదు. ఉండుండి, ముఖ్యంగా గాఢనిద్రలో విడుదల చేస్తుంది. పగలు ఎప్పుడో రక్తం తీసి చూస్తే ఆరోగ్యవంతులైన పిల్లల్లో కూడా దాదాపు సున్నా కనిపించొచ్చు. ల్యాబ్ ప్యాకేజీలో 'గ్రోత్ హార్మోన్ తక్కువ' అని వచ్చిన కాగితం పట్టుకుని బెంబేలెత్తొద్దు. ఆ కాగితానికి విలువ లేదు.

ముందు ఎడమ చేయి, మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. దీంతో ఎముకల వయసు తెలుస్తుంది. పదేళ్ల పిల్లాడి ఎముకల వయసు ఏడున్నరేళ్లే ఉందంటే పెరగటానికి ఇంకా సమయం మిగిలి ఉందని అర్థం. మేనమామ కథ నిజమయ్యే పిల్లల్లోనూ ఇలాగే ఉంటుంది, హార్మోన్ లోపంలోనూ ఇలాగే ఉంటుంది. రెండింటినీ విడదీసేది మళ్లీ ఆ ఏడాది పెరిగిన సెంటీమీటర్లే. రక్తంలో ఐజీఎఫ్-1 అనే పదార్థాన్నీ చూస్తారు. అనుమానం బలపడితే క్లోనిడిన్ మాత్ర గానీ గ్లూకగాన్ ఇంజెక్షన్ గానీ ఇచ్చి, పీయూష గ్రంథిని ప్రేరేపించి, రెండు మూడు గంటల పాటు కొంత వ్యవధితో పలుమార్లు రక్తం తీస్తారు. పరగడుపున, ఆసుపత్రిలోనే చేయాలి. క్లోనిడిన్‌తో పిల్లలు మగతగా పడుకుంటారు, బీపీ కాస్త తగ్గుతుంది. కంగారు అక్కర్లేదు. సాధారణంగా ఇలాంటివి రెండు పరీక్షల్లోనూ హార్మోన్ తగినంత పెరగకపోతేనే లోపాన్ని నిర్ధారిస్తారు. ఆ తర్వాత ఎమ్మారైతో పీయూష గ్రంథిని చూస్తారు. గ్రంథి పుట్టుకతోనే చిన్నదిగా ఉండొచ్చు. అరుదుగా అక్కడ కణితి ఉండొచ్చు. ఎత్తు ఆగిపోవటంతో పాటు తలనొప్పి, వాంతులు, చూపు తగ్గటం ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.

'శవాల నుంచి తీస్తారటగా?'

ఇంటర్నెట్‌లో వెతికిన తల్లిదండ్రులు ఈ భయంతోనే వస్తుంటారు. ఒకప్పుడు అది నిజమే. 1958లో అమెరికా వైద్యుడు మారిస్ రాబెన్, మరణించినవారి పీయూష గ్రంథుల నుంచి తీసిన హార్మోన్‌తో ఎదుగుదల ఆగిన పిల్లాడికి చికిత్స చేసినట్టు ప్రకటించారు. సుమారు పాతికేళ్లు అదే దిక్కు. సరుకు తక్కువ కాబట్టి చికిత్స అతికొద్ది మందికే అందేది. 1985లో, అలా చికిత్స పొందినవారిలో కొందరికి మెదడును దెబ్బతీసే ప్రాణాంతకమైన సీజేడీ జబ్బు వచ్చినట్టు తేలటంతో దాన్ని ఆపేశారు. అదృష్టవశాత్తూ అదే ఏడాది జన్యు ఇంజినీరింగ్‌తో తయారైన హార్మోన్‌కు అమెరికాలో అనుమతి దొరికింది. ఇన్సులిన్ మాదిరిగానే ఇప్పుడు దీన్నీ ప్రయోగశాలలో సూక్ష్మజీవుల సాయంతో తయారుచేస్తున్నారు. శవాలతో సంబంధం లేదు.

రెండో అపోహ, ఇది స్టిరాయిడ్ అని. కాదు. నిజానికి స్టిరాయిడ్లు ఎక్కువకాలం వాడితే ఎత్తు తగ్గుతుంది.

రోజూ రాత్రి ఓ చిన్న సూది

ఫుట్‌బాల్ వీరుడు లియొనెల్ మెస్సీకి ఈ లోపం బయటపడింది పదేళ్ల వయసు దాటిన రోజుల్లో, అర్జెంటీనాలోని సొంతూరు రొసారియోలో. రాత్రిళ్లు తన కాలికి తనే ఇంజెక్షన్ చేసుకునేవాడినని ఆయన చెప్పుకొన్నారు. చికిత్స ఖర్చు భరించటానికి బార్సిలోనా క్లబ్ ఒప్పుకోవటం కూడా ఆ కుటుంబం స్పెయిన్‌కు వెళ్లటానికి ఓ కారణం. ఇప్పుడాయన ఎత్తు 170 సెం.మీ. సూది అంటే మొరాయించే పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి. నా అనుభవంలో డాక్టర్ చెప్పే వంద మాటల కన్నా ఇదే బాగా పనిచేస్తుంది.

ఇంజెక్షన్ ఇన్సులిన్ పెన్ను లాంటి పరికరంతో చర్మం కిందికి ఇస్తారు. సూది వెంట్రుకంత సన్నం. సహజంగా నిద్రలో విడుదలయ్యే హార్మోన్ కాబట్టి పడుకునే ముందు ఇస్తారు. తొడ, పొట్ట, పిరుదులు.. రోజుకో చోట మార్చాలి. ఒకేచోట పొడిస్తే అక్కడ కొవ్వు గుంట పడుతుంది. మోతాదు పిల్లల బరువును బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. బరువు పెరిగేకొద్దీ మారుస్తారు.

మందును 2-8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకడితే పనికిరాదు. వేసవి సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్తున్నప్పుడు ఐస్ ప్యాక్‌కు గుడ్డ చుట్టి, మందు దానికి నేరుగా తగలకుండా సంచిలో పెట్టుకోండి. సెలవులే కదా అని మానేయటం మాత్రం వద్దు. వారంలో ఒకటీ రెండూ తప్పుతూ పోతే ఏడాది చివర టేపు మీద ఆ తేడా కనబడుతుంది. వారానికోసారి ఇచ్చే ఇంజెక్షన్లకూ 2021 నుంచి అమెరికాలో అనుమతులు వస్తున్నాయి. మీ పిల్లలకు అవి కుదురుతాయేమో డాక్టర్‌ను అడగండి.

ఎంత పెరుగుతారు?

నిజంగా హార్మోన్ లోపమున్న పిల్లల్లో తొలి ఏడాది ఫలితం చూసి ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. అంతకుముందు 3 సెం.మీ. పెరిగిన పిల్లలు 8-12 సెం.మీ. పెరుగుతారు. ప్యాంట్లు ఆరు నెలలకే పొట్టివవుతాయి. రెండో ఏడాది నుంచి వేగం కొంత తగ్గుతుంది. మందు పనిచేయటం మానేసిందనుకుని ఆపేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. అది సహజం. చిన్న వయసులో మొదలుపెట్టినవారు చివరికి తల్లిదండ్రుల ఎత్తుకు తగ్గట్టు ఎదిగే అవకాశం ఎక్కువ. హార్మోన్ లోపం లేకున్నా టర్నర్ అమ్మాయిలకూ ఇది మేలు చేస్తుంది. తక్కువ బరువుతో పుట్టినవారిలో చాలామంది రెండేళ్లలోపు అందరితో సమానమవుతారు. సుమారు పదింట ఒకరు వెనకబడే ఉంటారు. వారికీ ఇవ్వొచ్చు.

మరి ఏ లోపమూ లేకుండా కేవలం పొట్టిగా ఉన్న పిల్లల సంగతి? అమెరికా 2003లో ఇలాంటివారిలో మరీ పొట్టివారికి అనుమతించింది. ఐరోపా ఒప్పుకోలేదు. నాలుగైదేళ్లు రోజూ సూది పొడిపించుకుంటే చివరికి సగటున దక్కేది 4-7 సెం.మీ. అంటే రెండంగుళాల చుట్టుపక్కల. దానికోసం పదిహేను వందల పైచిలుకు సూదులు, లక్షల ఖర్చు, 'నాలో ఏదో లోపం ఉంది' అన్న భావన. పెళ్లి సంబంధాల కోసమో, పక్కింటి పిల్లాడితో పోల్చో దీనికి దిగటం తగదని మా అభిప్రాయం. టీవీల్లో ఊదరగొట్టే ఎత్తు పెంచే పొడుల గురించి ఇంత ఆలోచించాల్సిన పని కూడా లేదు. అవి గ్రోత్ హార్మోన్ లోపాన్ని సరిచేయలేవు. ఆ హార్మోన్‌ను నోటితో తీసుకుంటే కడుపులోనే జీర్ణమైపోతుంది.

ఏం కనిపెట్టుకుని ఉండాలి?

నిపుణుల పర్యవేక్షణలో ఈ చికిత్స చాలావరకూ సురక్షితం. కానీ కొన్ని లక్షణాలు కనిపిస్తే ఫోన్ చేయకుండా ఉండొద్దు. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారటం.. మెదడులో ఒత్తిడి పెరిగిందనటానికి గుర్తు. తుంటి గానీ మోకాలు గానీ నొప్పి పుట్టి కుంటుతుంటే తుంటి ఎముక చివర జారిందేమో వెంటనే చూడాలి. 'ఆటల్లో దెబ్బ తగిలి ఉంటుందిలే' అనుకోవద్దు. వెన్ను పక్కకు వంగుతోందేమో అప్పుడప్పుడూ చొక్కా విప్పి చూడండి. మూడు నుంచి ఆరు నెలలకోసారి ఎత్తు, బరువు, ఐజీఎఫ్-1, థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేస్తారు. క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఈ ఇంజెక్షన్ ఇవ్వరు.

ఖర్చు సంగతి దాచి లాభం లేదు. మోతాదు బరువుతో పాటు పెరుగుతుంది, ఖర్చూ అంతే. నెలనెలా వేల రూపాయలు, అదీ ఏళ్ల తరబడి. మొదలుపెట్టే ముందే పూర్తి లెక్క అడగండి. మధ్యలో డబ్బుల్లేక ఆపేస్తే చేసిన ఖర్చుకూ ఫలితం దక్కదు. కేంద్ర ప్రభుత్వ జాతీయ అరుదైన వ్యాధుల విధానం-2021లో, నిర్ధారణ అయిన గ్రోత్ హార్మోన్ లోపం, టర్నర్ సిండ్రోమ్ కూడా ఉన్నాయి. ఈ విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో చికిత్సకు రూ.50 లక్షల వరకూ సాయానికి వీలుంది. తెలుగువారికి దగ్గరి కేంద్రం హైదరాబాద్‌లోని నిమ్స్, సీడీఎఫ్‌డీ. మీ పరీక్షల కాగితాలన్నీ పట్టుకుని అక్కడ నమోదు గురించి కనుక్కోండి.

ఇంజెక్షన్ ఎంతకాలం? జీవితాంతం కాదు. ఎత్తు ఏడాదికి 2 సెం.మీ. కన్నా తక్కువ పెరుగుతున్నప్పుడు, లేదా ఎముకల వయసు అమ్మాయిల్లో 14, అబ్బాయిల్లో 16 ఏళ్ల దగ్గరికొచ్చినప్పుడు ఆపేస్తారు. ఆపాక కొంతకాలానికి మళ్లీ పరీక్షిస్తారు. చిన్నప్పుడు లోపమున్న చాలామందిలో అప్పటికి హార్మోన్ మామూలుగానే ఉంటుంది. పీయూష గ్రంథి దెబ్బతిన్న కొద్దిమందికి మాత్రం కండరాలు, ఎముకల బలం కోసం పెద్దయ్యాక కూడా తక్కువ మోతాదులో కొనసాగించాల్సి ఉంటుంది. ఆ మలి పరీక్షకు రమ్మన్నప్పుడు, ఎత్తు పెరిగాడు కదా ఇంకెందుకని మానేయకండి.